కుంగని అడుగు

మొగం తర్వాత చూస్తా నేను,
ముందు చెప్పు తిరగేస్తా.
ఆదోని పత్తి యార్డు గేటు పక్కన
ముప్పై ఒక్క ఏండ్లుగా నా చదువు ఇదే.
మడమ అరిగితే అప్పున్నోడు,
మునివేళ్ళు అరిగితే ఆ అప్పు వసూలుకు తిరిగేటోడు,
నట్టనడుమ గుంట పడిందంటే
హమాలీ. అడగాల్సిన పని లేదు.

ఉరుకుందమ్మ తెచ్చినవి మాత్రం
ఎట్ల తిప్పినా అర్థం కాలే.
చిలకపచ్చ బూట్లు,
అడుగున ఉగ్గానికి నానేసిన బొరుగుల మాదిరి మెత్తన.
వేలితో నొక్కితే దిగింది, వదిలితే లేచింది.
"పరిగెత్తేదానికి బాగుంటాయి మామా.
బరువు నెత్తిమీదికి పోయినాక
నేలే ఊగుతాది."

నాకు నవ్వొచ్చింది.
నులక మంచం మీద నిలబడి
మూట ఎత్తిన మొగోన్ని ఎవురన్నా చూసినారా?

వాళ్ళ నాయన తిక్కయ్య
బోరెం వీపుకెత్తుకునే ముందు
టైరు చెప్పులు గోడవారగా విడుస్తాడు.
భక్తేం కాదు.
"నేనూ నేలా మాట్లాడుకునేటప్పుడు
నడుమ ఇంకోడెందుకప్పా" అంటాడు.

ఆ మాటే చెప్పినా పిల్లకు.
బోడికాళ్ళతో ఎత్తు, పైసా ఖర్చు లేదు.
"నేల మీంచి నడుము దాకా అట్లే లేపుతా.
నెత్తిమీదికైతే గొంతుక్కూర్చోవల్ల.
కిందికి పోతే మడమలు లేస్తాండాయి.
పోటీలో బోడికాళ్ళు ఒప్పుకోరు కూడా."

కూర్చోమన్నా.
నా గొడుగు కింద, అట్టముక్కల నడుమ,
లేని బరువును రెండు చేతులా పైకి పట్టుకుని
కూర్చునింది.
మడమలు లేచినాయి,
పొంగే పాలు మూత లేపినట్టు.
వాళ్ళ నాయన గంటసేపు ఇట్లే కూర్చుని బీడీ కాలుస్తాడు,
మడమలు మట్టికి అతికి.
బడి బెంచీలు
ఈ పిల్ల చీలమండలు బిగించేసినాయి.

బెంగుళూరు నుంచి తెప్పిస్తే ఎనిమిది వేలంట.
ఆ అంకెను ఇద్దరం ఒకేసారి మింగినాం.

అట్ట మీద కాలు పెట్టించి పెన్సిలు తిప్పినా.
ఎడమది కుడిదానికంటే కందిగింజంత వెడల్పు.
షాపు బూట్లకు ఈ సంగతి
ఎప్పటికి తెలిసేను?

అడుగుకు
మూతబడిన జిన్నింగు మిల్లు బెల్టు.
ఇరవై ఏండ్లు చక్రాలు తిప్పిన తోలు,
ఇంక సాగేదానికి దాంట్లో ఏం మిగిలుంటాది.
మడమకు తుమ్మకట్టె, బొటనవేలి మందం,
అంతకు మించొద్దన్నాడంట వాళ్ళ సారు.
పాదం మీద అడ్డంగా పట్టీ,
గుర్రానికి కట్టినట్టు, గట్టిగా.
ఆఖరి మేకు కొట్టే ముందు గోరుతో నొక్కినా.
కుంగలే.

యార్డు వెనక పాత గోడౌన్లో వాళ్ళ జిమ్ము.
ఇనుము కిందపడితే
తోలు నానేసిన గిన్నెలో నీళ్ళు వణుకుతాయి.
ఆ వారమంతా సూది పక్కనబెట్టి
నీళ్ళే చూస్తా కూర్చున్నా.

రెండు నెల్లకు వచ్చింది,
కుడి పట్టీ తెగింది మామా అని.
అలవాటు పోదు కదా, తిరగేసినా.
కుడిదాని అడుగు నున్నగా, నల్లగా.
ఎడమది నేనిచ్చిన రోజు ఎట్లుందో
అట్లే ఉంది.
"ఎడమ కాలిని నువ్వు నమ్మటం లేదు."
ఉలిక్కిపడింది.
పన్నెండేండ్లప్పుడు పత్తి లారీ మీంచి పడిందంట,
సారుకు కూడా చెప్పలేదంట.
"నీకెవురు చెప్పినారు?"
బూటు చేతికిచ్చినా.

దానికి నా దగ్గర తోలూ లేదు, కట్టే లేదు.
కొత్త పట్టీ కుట్టి
ఎడమదానికి ఇంకో బెజ్జం బిగించినా, అంతే.
దుడ్లు వద్దన్నా.
మర్నాడు తీసుకున్నా.

ఇప్పుడు నీళ్ళు వణికినప్పుడల్లా చెవి అటే.
కడ్డీ ఒంకరగా దిగితే రెండు దెబ్బలు,
ముందొకటి, వెనకొకటి.
రెండు కాళ్ళూ ఒకే మాట మీదుంటే
ఒక్కటే.
నిన్న పొద్దుగూకినాక ఒక్కటే వినపడింది.
బయట లారీ గుంతలో దిగిందేమో,
ఏమో.